పన్ను లెక్కలోనే ఆమెకు సగం

పెళ్ళయిన స్త్రీ ఎక్కడ ఉండాలి? ఈ ప్రశ్నకు మన సమాజం ఎప్పుడో జవాబు చెప్పేసింది. భర్త ఎక్కడుంటే అక్కడ. ఉద్యోగం కోసం భర్త వేరే ఊళ్ళో ఉంటే “పాపం, ఇంటి కోసం కష్టపడుతున్నాడు” అంటారు. అదే ఉద్యోగం కోసం భార్య వేరే ఊళ్ళో ఉంటే “ఇక సంసారం ఏమైనట్టు?” అంటారు. సముద్రాలు దాటి అమెరికా వెళ్ళినా ఈ ప్రశ్న మన ఆడపిల్లల్ని వదలడం లేదు. ఇక్కడ అత్తగారి నోట వినిపించేది అక్కడ ఆదాయపు పన్ను ఫారంలో కనిపిస్తుంది.

పన్నుల గొడవ స్త్రీల హక్కుల పత్రికలో ఎందుకని కొందరికి అనిపించవచ్చు. కట్నం, హింస, భరణం, ఆస్తిహక్కు, వీటి గురించి మాట్లాడటం మనకు అలవాటు. పన్ను కాగితాలు మాత్రం “మగవాళ్ళు చూసుకునే పని” అని మనమే పక్కన పెట్టేస్తాం. ఆ పక్కన పెట్టిన కాగితం మీదే స్త్రీ సంతకం ఉంటుంది. దాని మీదే ఆమె అప్పు కూడా ఉంటుంది.

మన దేశంలో జీతం మీద ఆదాయపు పన్ను వేసేది కేంద్ర ప్రభుత్వం ఒక్కటే. రాష్ట్రాలకు వృత్తి పన్ను ఉంది గాని అది ఏడాదికి 2,500 రూపాయలు దాటకూడదు. అమెరికాలో అలా కాదు. ఫెడరల్ ప్రభుత్వం ఒక పన్ను వేస్తుంది, దాని పైన చాలా రాష్ట్రాలు తమ ఆదాయపు పన్ను తాము వేసుకుంటాయి. టెక్సాస్, ఫ్లోరిడా వంటి కొన్ని రాష్ట్రాల్లో జీతం మీద రాష్ట్ర పన్ను లేదు. కాలిఫోర్నియాలో పై శ్లాబు 12 శాతం దాటుతుంది. పెన్సిల్వేనియాలో అందరికీ ఒకే రేటు, 3.07 శాతం. ఏ రాష్ట్రం ఎవరి ఆదాయం మీద పన్ను వేయాలన్నది ఆ మనిషి ఎక్కడి నివాసి, డబ్బు ఎక్కడ సంపాదించింది అన్న రెండు విషయాల మీద ఆధారపడి ఉంటుంది. మనిషి ఒంటరి అయితే లెక్క తేలిక. పెళ్ళయి, ఇద్దరూ రెండు రాష్ట్రాల్లో ఉంటే అప్పుడు మొదలవుతుంది అసలు కథ.

తెలుగు జంటలు ఇలా విడివిడిగా ఉండటం సరదాకి కాదు. హెచ్-1బి వీసా యజమానితోనూ, పనిచేసే చోటుతోనూ ముడిపడి ఉంటుంది. వేరే నగరానికి మారాలంటే యజమాని మళ్ళీ దరఖాస్తు పెట్టాలి. భార్యకు ఒకచోట, భర్తకు ఇంకోచోట ఉద్యోగం దొరికితే, ఒకరు ఉద్యోగం వదులుకోవాలి, లేదా ఇద్దరూ దూరంగా ఉండాలి. వదులుకోవడం అంటూ వస్తే అది ఎవరి వంతో మనకు తెలియనిది కాదు. హెచ్-4 వీసాకు మారిన భార్యకు 2015 మే దాకా పనిచేసే హక్కే లేదు. ఆ తరువాత కూడా భర్త గ్రీన్‌కార్డు దరఖాస్తు ఒక దశకు చేరిన వాళ్ళకే వచ్చింది. కాబట్టి ఉద్యోగం నిలబెట్టుకోవడానికి వేరే రాష్ట్రంలో ఉండిపోయిన స్త్రీ తన కాళ్ళ మీద తాను నిలబడాలని గట్టిగా నిర్ణయించుకున్న స్త్రీ. మరి పన్ను చట్టం ఆమెను ఏ కంటితో చూస్తోంది?

ఒక ఉదాహరణ తీసుకుందాం. భార్య న్యూయార్క్ రాష్ట్రంలో ఏడాదికి 60,000 డాలర్లు, భర్త ఫ్లోరిడాలో 90,000 డాలర్లు సంపాదిస్తున్నారు. ఫెడరల్ పన్నుకు ఇద్దరూ కలిపి జాయింట్ రిటర్ను వేశారు. న్యూయార్క్ నిబంధన ప్రకారం ఒకరు అక్కడి నివాసి, మరొకరు కాకపోతే రాష్ట్రానికి విడివిడిగా రిటర్ను వేయాలి. ఆమె తన 60,000కు వేస్తే చాలు. ఫ్లోరిడాలో ఉంటూ, న్యూయార్క్‌లో ఏ సంపాదనా లేని భర్తకు అక్కడ పనే లేదు. అయితే ఇద్దరూ కోరుకుంటే జాయింటుగానూ వేయవచ్చు. అప్పుడు ఇద్దరినీ ఏడాదంతా న్యూయార్క్ నివాసులుగానే లెక్కిస్తారు. అంటే ఫ్లోరిడాలో సంపాదించిన 90,000 మీద కూడా న్యూయార్క్ పన్ను పడుతుంది. ఆ పన్నుకు ఆమె కూడా పూర్తి బాధ్యురాలు. “ఫెడరల్‌కి జాయింట్ వేశాం కదా, రాష్ట్రానికీ అదే” అనుకుని పెట్టే ఒక్క టిక్కు మార్కుకు ఉన్న ఖరీదు ఇది. న్యూజెర్సీలో కూడా వేరే రాష్ట్రంలో ఉండే భర్తను కలపకుండా నివాసి అయిన భార్య ఒక్కతే రిటర్ను వేయవచ్చు. ఆ సంగతి ఆమెకు చెప్పేవాళ్ళు ఎవరు?

రెండో ఉదాహరణ ఇంకా విచిత్రం. భార్య కాలిఫోర్నియాలో, భర్త టెక్సాస్‌లో స్థిరపడి పనిచేస్తున్నారు. ఈ రెండూ భార్యాభర్తల ఉమ్మడి ఆస్తి పద్ధతి ఉన్న రాష్ట్రాలు. ఇలాంటివి మొత్తం తొమ్మిది ఉన్నాయి. పెళ్ళయ్యాక ఎవరు సంపాదించినా అందులో సగం రెండోవారిది అంటుంది ఈ పద్ధతి. వినడానికి ఎంత బాగుంది! మనం భారతదేశంలో ఎన్నేళ్ళుగానో అడుగుతున్నది ఇదే కదా. అయితే కాలిఫోర్నియా పన్ను శాఖ దీన్ని ఎలా వాడుకుంటుందో చూడండి. టెక్సాస్‌లో భర్త సంపాదించిన జీతంలో సగం భార్యది, భార్య కాలిఫోర్నియా నివాసి, కాబట్టి ఆ సగం మీద కాలిఫోర్నియాకు పన్ను కట్టాలి. భార్య జీతంలో సగం భర్తది, అది కాలిఫోర్నియాలో సంపాదించినది, కాబట్టి అతనూ కాలిఫోర్నియాకు లెక్క చెప్పాలి.

మరి ఆ సగం డబ్బు ఆమె చేతికి వచ్చిందా? టెక్సాస్ చట్టం ప్రకారం ఎవరి జీతం మీద పెత్తనం వాళ్ళదే. భర్త తన జీతం తన బ్యాంకు ఖాతాలో వేసుకుని, ఆమెకు ఒక్క డాలరు కూడా పంపకపోవచ్చు. కాగితం మీద సగం ఆమెది, ఖాతాలో మొత్తం అతనిది, పన్ను నోటీసు మాత్రం ఆమెకు. ఏడాదంతా విడిగా ఉండి, జాయింట్ రిటర్ను వేయకుండా, ఒకరి సంపాదన మరొకరికి ఏమీ ముట్టకపోతే ఎవరి జీతం మీద వాళ్ళే పన్ను కట్టుకునే వెసులుబాటు ఫెడరల్ చట్టంలో ఉంది. అంటే ఈ అన్యాయం చట్టం చేసినవాళ్ళకు తెలియక జరుగుతున్నది కాదు.

ఉమ్మడి ఆస్తి పేరుతో జరిగిన మోసానికి పాత చరిత్రే ఉంది. 1930లో అమెరికా సుప్రీంకోర్టు వాషింగ్టన్ రాష్ట్రానికి చెందిన సీబోర్న్ కేసులో ఒక తీర్పు ఇచ్చింది. ఉమ్మడి ఆస్తి రాష్ట్రాల్లో భర్త సంపాదనను చెరిసగం చేసి, ఇద్దరూ విడివిడిగా పన్ను కట్టవచ్చు అంది. సగం చేస్తే ఇద్దరి ఆదాయం తక్కువ శ్లాబులో పడుతుంది, పన్ను తగ్గుతుంది. ఇది చూసి మిగతా రాష్ట్రాల్లో సంపన్న భర్తలకు కన్నుకుట్టింది. 1940లలో ఓక్లహామా, ఒరెగాన్, మిషిగన్, నెబ్రాస్కా, పెన్సిల్వేనియా రాష్ట్రాలు హఠాత్తుగా ఉమ్మడి ఆస్తి చట్టాలు చేశాయి. స్త్రీలు ఉద్యమాలు చేసి తెచ్చుకున్న చట్టాలు కావవి, భర్తల పన్ను తగ్గించడానికి చేసినవి. 1948లో ఫెడరల్ చట్టం మారి, జాయింట్ రిటర్ను వేసిన దంపతులందరికీ ఆదాయం సగం చేసుకునే లాభం దొరికింది. ఆ లాభం అలా దొరికిందో లేదో ఓక్లహామా, ఒరెగాన్, మిషిగన్, నెబ్రాస్కా తమ ఉమ్మడి ఆస్తి చట్టాలను రద్దు చేసుకున్నాయి. పెన్సిల్వేనియా చట్టాన్ని అంతకుముందే కోర్టు కొట్టేసింది. పన్ను తగ్గించినంత కాలమే భార్యకు సగం. ఆ అవసరం తీరాక ఆమె వాటా కూడా తీరిపోయింది!

మిగిలిన ఉమ్మడి ఆస్తి రాష్ట్రాల్లో సగం ఆమెది అన్నా, చాలాకాలం దాని మీద అజమాయిషీ భర్తదే. కాలిఫోర్నియాలో ఉమ్మడి ఆస్తి నిర్వహణలో భార్యకు సమాన అధికారం వచ్చింది 1975లో. ఉమ్మడి ఆస్తి మీద సర్వాధికారాలూ భర్తకిచ్చిన లూసియానా చట్టాన్ని సుప్రీంకోర్టు కొట్టేసింది 1981లో. అప్పటిదాకా ఆమెది పేరుకు వాటా, పన్నుకు వాటా.

1948లో ఆదాయం సగం చేసుకునే లాభం తెచ్చిన జాయింట్ రిటర్నే నేటికీ అమెరికా కుటుంబాలకు రాజమార్గం. విడిగా వేస్తే చదువుల పన్ను రాయితీలు పోతాయి, విద్యారుణం వడ్డీకి మినహాయింపు పోతుంది. కాబట్టి అందరూ జాయింటే వేస్తారు. కాని అందులో సంతకం చేసిన ఇద్దరూ ఆ ఏడాది మొత్తం పన్నుకు, వడ్డీకి, జరిమానాకు కలిసీ విడివిడిగానూ బాధ్యులే. సగానికి కాదు, మొత్తానికి. భర్త ఏదో రాష్ట్రంలో వ్యాపారం చేసి ఆదాయం దాచినా, లేని ఖర్చులు చూపించినా, వసూలు చేసేవాళ్ళు భార్య జీతాన్నీ పట్టుకోవచ్చు. విడాకుల తీర్పులో “పన్ను బాకీ భర్తదే” అని రాసి ఉన్నా పన్ను శాఖకు అది కట్టుబాటు కాదు.

పైగా ఇది ఒకవైపే తెరుచుకునే తలుపు. విడిగా రిటర్ను వేసినవాళ్ళు సాధారణంగా మూడేళ్ళలోపు జాయింటుకు మారవచ్చు. జాయింటు వేసినవాళ్ళు గడువు తేదీ దాటాక విడిగా మారడానికి లేదు. లోపలికి రావడానికి మూడేళ్ళు, బయటికి పోవడానికి ఏప్రిల్ 15 దాకా!

సంతకం సంగతి కూడా చూద్దాం. ఇప్పుడు కంప్యూటర్ ద్వారా వేసే రిటర్నుకు ఐదంకెల పిన్ నంబరే సంతకం. ఆ ఐదంకెలూ భర్తే కొట్టేస్తున్న ఇళ్ళు ఎన్ని ఉంటాయో మనం ఊహించుకోగలం. “నువ్వు ఓటీపీ చెప్పు చాలు” అనే ఇళ్ళు మన చుట్టూ లేవా? దూరంగా మరో రాష్ట్రంలో ఉన్న భార్య ఆ రిటర్ను కంటితో కూడా చూడకపోవచ్చు. అందులో మొదటి పేరు సాధారణంగా భర్తది. ఆమె “స్పౌజ్”. ఆమె చిరునామాగా భర్త చిరునామా పడుతుంది. ఆమె ఉంటున్న రాష్ట్రం ఆ కాగితం మీద ఎక్కడా కనిపించదు.

అమెరికా దాకా వెళ్ళని భార్యలు కూడా ఇందులో చిక్కుకుంటారు. విజయవాడలో ఉద్యోగం చేసుకుంటున్న భార్యను, అమెరికాలో ఉన్న భర్త ఒక ప్రకటన జతచేసి “అమెరికా నివాసి”గా లెక్కింపజేసి జాయింట్ రిటర్ను వేయవచ్చు. దానికి ఆమె సంతకం తప్పనిసరి. అలా చేస్తే విజయవాడలో ఆమె సంపాదించేదంతా అమెరికా రిటర్నులో చూపాలి. ఇక్కడ కట్టిన పన్నుకు అక్కడ కొంత మినహాయింపు దొరికినా, భర్త అమెరికా పన్నుకు ఆమె బాధ్యురాలు అవుతుంది. అమెరికా నేల మీద కాలు పెట్టకుండానే అమెరికా ప్రభుత్వానికి బాకీదారు!

“ఇల్లు ఒకటే కదా, జాయింట్ వేస్తే పన్ను తగ్గుతుంది కదా, తగ్గిన డబ్బు ఇంటికే కదా” అని వాదించేవాళ్ళున్నారు. ఒకరే సంపాదిస్తున్న ఇళ్ళలోనూ, ఒకరి సంపాదన బాగా ఎక్కువైన ఇళ్ళలోనూ తగ్గుతుంది, నిజమే. కాని ఎవరి చేతిలో తగ్గుతుంది? ఇద్దరి ఆదాయం ఒకచోట పోసినప్పుడు భర్త జీతం కింది శ్లాబులన్నీ నింపేస్తుంది. రెండో జీతం మొదటి డాలరు నుంచే పై శ్లాబులో పడుతుంది. ఆ రెండో జీతం ఎవరిదో వేరే చెప్పాలా? పిల్లల్ని చూసుకునే చోట కట్టే డబ్బు, రెండు ఇళ్ళ అద్దె, విమానం టిక్కెట్లు లెక్కవేసి, “నీ ఉద్యోగం వల్ల మిగిలేదేముంది, మానేసి వచ్చెయ్” అని తేల్చేస్తారు. ఈ సంగతి అమెరికా స్త్రీవాదులు ఎప్పుడో చెప్పారు. గ్రేస్ బ్లంబర్గ్ 1971లోనే పన్ను చట్టంలోని స్త్రీ వివక్ష మీద వ్యాసం రాశారు. 1997లో ఎడ్వర్డ్ మెక్‌కాఫ్రీ ‘టాక్సింగ్ విమెన్’ అని ఒక పుస్తకమే రాశారు. చట్టం మాత్రం కదల్లేదు.

కదలలేక కాదు. సైనికుల భార్యాభర్తలు ఊరూరా బదిలీలతో ఏ రాష్ట్రానికి పన్ను కట్టాలో తేలక ఇబ్బంది పడుతున్నారని 2009లో ఒక చట్టం, 2018లో మరో సవరణ తెచ్చారు. డెలావేర్ రాష్ట్రం ఫెడరల్‌కు జాయింట్ వేసిన దంపతులను కూడా తన దగ్గర ఎవరి పన్ను వాళ్ళు విడిగా లెక్కవేసుకోనిస్తుంది. బ్రిటన్ 1990 ఏప్రిల్ నుంచి భార్య ఆదాయాన్ని భర్త ఆదాయంలో కలిపే పద్ధతికి స్వస్తి చెప్పింది. మనసుంటే మార్గముంది.

ఇక మన ఇల్లు చక్కగా ఉందా? మన దేశంలో 1925 నాటి భారత వారసత్వ చట్టం ఇప్పటికీ, భార్య స్థిరనివాసం భర్త స్థిరనివాసాన్ని అనుసరిస్తుందని చెబుతోంది. ఆ భాగం హిందువులకు, ముస్లింలకు వర్తించకపోవచ్చు, ఆ భావం మాత్రం అందరికీ వర్తిస్తూనే ఉంది. పంజాబులోని సునాంలో టీచరుగా పనిచేస్తున్న భార్య, ఢిల్లీలో ఉన్న భర్త. కాపురం ఎక్కడ ఉండాలో నిర్ణయించే హక్కు భర్తకొక్కడికే లేదని 1978లో స్వరాజ్ గర్గ్ కేసులో ఢిల్లీ హైకోర్టు చెప్పాల్సి వచ్చింది. 1983లో సరిత కేసులో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు జస్టిస్ పి.ఎ. చౌదరి, భార్యను బలవంతంగా కాపురానికి రప్పించే హిందూ వివాహ చట్టం 9వ సెక్షన్ రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పారు. మరుసటి ఏడాదే సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌ను నిలబెట్టింది.

మన ఆదాయపు పన్ను చట్టంలో మాత్రం ఒక మేలు ఉంది. భార్యకు తన పాన్ కార్డు, తన రిటర్ను, తన బాధ్యత. భర్త బాకీ ఆమె నెత్తిన పడదు. ఇప్పుడు దానికే ఎసరు పెట్టే మాటలు వినిపిస్తున్నాయి. దంపతులకు కావాలంటే జాయింట్ రిటర్ను వేసుకునే వీలు కల్పించాలని 2025 బడ్జెట్‌కు ముందు చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ సూచించింది. “ఇష్టమైతేనే” అంటున్నారు. కాగితం మీద ఇష్టం, ఇంట్లో ఎవరి ఇష్టం అవుతుందో మనకు తెలుసు. అమెరికాలో కూడా అది ఇష్టమే!

కాబట్టి మనం చేయాల్సిన పనులున్నాయి. అమెరికాలో మన స్త్రీల కోసం పనిచేస్తున్న సంఘాలున్నాయి. న్యూజెర్సీలో 1985 నుంచి మానవి, న్యూయార్క్‌లో 1989 నుంచి సఖి, కాలిఫోర్నియాలో 1991 నుంచి మైత్రి. సహాయం కోసం వచ్చిన స్త్రీని ఏ సంఘం వాళ్ళయినా వీసా గురించి, పిల్లల గురించి అడిగినట్టే పన్ను గురించీ అడగాలి. రిటర్ను ఎవరు వేశారు? నువ్వు చదివావా? నకలు నీ దగ్గర ఉందా? నువ్వు ఉంటున్న రాష్ట్రానికి జాయింటు వేశారా, విడిగానా? రిటర్నుల వివరాలు పన్ను శాఖ నుంచి ఉచితంగా తెప్పించుకునే హక్కు ఆమెకు ఉందని చెప్పాలి. బెదిరించి సంతకం చేయించిన రిటర్ను జాయింట్ రిటర్నుగా చెల్లదని చెప్పాలి. భర్త తప్పులకు తనను బాధ్యురాలిని చేయవద్దని కోరే 8857 ఫారం ఉంది. 1998 చట్టం ఆ ఉపశమనాన్ని విస్తరించింది, హింసను అందులో ముఖ్యంగా పరిగణిస్తారు. కాని ఫెడరల్‌కు పెడితే సరిపోదు. న్యూయార్క్‌కు ఐటీ-285, కాలిఫోర్నియాకు ఎఫ్‌టీబీ 705, ఇలా రాష్ట్రానికి వేరుగా పెట్టుకోవాలి. గడువులు ఉంటాయి కాబట్టి ఆలస్యం చేయకూడదు. తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళకు సహాయం చేసే పన్ను క్లినిక్కులు కూడా ఆ 1998 చట్టంతోనే వచ్చాయి. వాటి చిరునామాలు ప్రతి సంఘం గోడ మీద ఉండాలి.

ఇక్కడ ఉన్న మనం, అమెరికా సంబంధం ఖాయం చేసుకున్న అమ్మాయిలకు, వాళ్ళ తల్లిదండ్రులకు ఈ మాట చేరవేయాలి. పెట్టే నగల జాబితా రాసుకునే ఓపిక ఉన్నవాళ్ళకు, పెట్టబోయే సంతకం గురించి తెలుసుకునే ఓపిక ఉండదా?

మన డిమాండ్లు స్పష్టంగా ఉండాలి. పన్నుకు లెక్క మనిషి, దంపతులు కాదు. ఒక రాష్ట్రం తన గడ్డ మీద ఉంటున్న స్త్రీ మీద, ఆమె సంపాదించిన దాని మీదే పన్ను వేయాలి. చేతికి రాని సగం మీద పన్ను అడగకూడదు. ఫెడరల్ ప్రభుత్వం ఒకసారి ఆమెను బాధ్యత నుంచి విడుదల చేస్తే రాష్ట్రాలూ దానికి కట్టుబడాలి. భారతదేశంలో జాయింట్ రిటర్ను ఏ పేరుతో వచ్చినా ఒప్పుకోకూడదు.

ఆస్తిలో సగం, నిర్ణయాల్లో సగం, డబ్బు మీద అధికారంలో సగం ఇవ్వండి. అప్పుడు పన్నులో సగం కట్టమని అడగండి, కడతాం. అవేవీ ఇవ్వకుండా పన్ను లెక్కలోనే సగం ఇస్తామంటే ఆ సగం మాకొద్దు.